తడిపి చూడని రంగు

మా ఆయన ముందు రంగు పేరు తప్పు చెప్పడమంటే తేనెతుట్టె మీద రాయి వేయడమే. "ఆ పచ్చ చొక్కా ఇలా పడేయండి, బొత్తాం కుడతాను" అన్నాననుకోండి, చొక్కా రాదు, ప్రశ్న వస్తుంది. "ఏ పచ్చ?" చిలకపచ్చా, నాచుపచ్చా, మామిడిపిందె పచ్చా? ఉత్త పచ్చ అనే రంగు లోకంలో లేదని ఆయన వాదన. ఊరందరి గోడలకీ రంగులు వేసి బతికిన మనిషి. రంగుల కొట్లో నమూనాలు చూపించే అట్ట పేరే ఆయనకి పెట్టారు, వీధిలో షేడ్‌కార్డు అంటేనే ఆయన ఎవరో తెలుస్తుంది. ఆ ప్రశ్నకి పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడ్డాను, తర్వాత విసుక్కున్నాను. అది ఆగిపోయాక మాత్రం భయపడ్డాను.

పరంజా మీంచి పడ్డాడు. కాలు విరిగింది. అతికింది గానీ వంకరగా అతికింది, ఇక నిచ్చెన ఎక్కడం కుదరదన్నారు. ఇంటికి తెచ్చాక మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రోజులు కాదు, నెలలు. నేను ముందుగదిలో బట్టలు కుడుతూ కావాలనే గట్టిగా మాట్లాడేదాన్ని. "నీలం దారం అయిపోయింది" అని అరిచేదాన్ని. ఏ నీలమని అడిగేవాడు కాదు. తిట్టినా బావుండేది. అన్నం పెడితే తినేవాడు, లేవమంటే లేచేవాడు, మళ్ళీ వెళ్ళి అదే గోడకి మొహం పెట్టేవాడు.

ఆ గదికి ఒక కిటికీ ఉంది. దాని కింది మట్టిలో బీన్స్ గింజలు గుచ్చాను. ప్రేమతో కాదు, ఒళ్ళుమండి గుచ్చాను. కనీసం ఏదైనా ఒకటి ఆ ఇంట్లో పైకి లేవాలనిపించింది. తీగ కిటికీ ఊచల మీదికి పాకింది, పూసింది, కాసింది. ఒక ఉదయం తెర జరిపి, "ఇదేం ఖర్మో, గింజలు మోసం. నల్లకాయలు కాశాయి" అన్నాను.

"నలుపు కాదు" అంది మంచం మీంచి ఒక గొంతు.

నేను తెర పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"నేరేడుపండు రంగు" అన్నాడు ఆయన, ఇటు తిరిగి.

మా పెరడు అలా మొదలైంది. పాత ఇళ్ళు పడగొట్టే చోటల్లా తిరిగి కిటికీ రెక్కలు పోగేశాడు, అద్దాలు పగలనివి. వాటిలో సగం ఒకప్పుడు తను రంగు వేసినవే. వాటన్నిటినీ కలిపి మొక్కల కోసం అద్దాల గది ఒకటి కట్టాడు. ఎక్కడెక్కడి గింజలో తెప్పించాడు. పులిచారల టమాటాలు, నిగనిగలాడే నల్ల మిరపకాయలు, పసుపు క్యారెట్లు, ఊదా క్యారెట్లు, కోస్తే లోపల ఎరుపూ తెలుపూ గుండ్రటి వలయాలుండే బీట్‌రూట్లు. కోడిగుడ్లలాంటి తెల్ల వంకాయలు పండించి, "వంకాయ రంగులో లేని వంకాయ" అని వాటిని చూసి తనే నవ్వుకునేవాడు. ఒక కాలీఫ్లవర్ ఉండేది, బుల్లి శంఖాలన్నీ వరస తప్పకుండా పేర్చినట్టు, ఒక్కో శంఖం మీద మళ్ళీ బుల్లి బుల్లి శంఖాలు. దాన్ని చూస్తూ నేను రెండుసార్లు పాలు పొంగించాను.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, వాటిని వండనిచ్చేవాడు కాదు.

"కోసి వండాక అన్నీ కూరే కదా" అనేవాడు. "వండకముందే కదా ఇది ఇదీ, అది అదీ."

పుచ్చకాయ ముల్లంగి అని ఒకటుంది. పైకి ఏమీ తోచని లేతాకుపచ్చ, అడ్డంగా కోస్తే లోపల భగ్గుమనే గులాబీ. ఒకటి కోసి పళ్ళెంలో పెట్టి నా కుట్టుబల్ల మీద ఉంచేవాడు. వాడిపోయేదాకా చూసి మట్టిలో కలిపేవాడు, మర్నాడు ఇంకోటి కోసేవాడు. తప్పుపట్టడానికి నాకూ నోరు లేదు. తిడుతూనే రోజూ ఆ పళ్ళెంకేసి చూసేదాన్ని. సంచి పట్టుకుని బజారుకి వెళ్ళి ఆలుగడ్డలూ మామూలు బీన్సూ కొనుక్కొచ్చేదాన్ని. పెరటి నిండా కాయలు పెట్టుకుని కూరలు కొనుక్కునే దంపతులం మేమే అనుకుంటాను.

మా తమ్ముడు ఒకసారి అన్నాడు కూడా. "ఒక్కటైనా తిని చూశారా అక్కా? పైన పటారం, లోన లొటారం కాదు కదా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా" అని నోరు మూయించాను. వాడి మాట అప్పుడు వినుంటే సరిపోయేది.

వాడిది సిమెంటు గోడౌను, పక్క ఊళ్ళో. గేటు దగ్గర కూర్చుని వచ్చే లారీ పోయే లారీ చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలన్నాడు. బావకైతే నిచ్చెన ఎక్కక్కర్లేదు, కాలు కదపక్కర్లేదు, కుర్చీలో కూర్చుంటే చాలు. మంచి మనసుతోనే అడిగాడు. కానీ తెల్లారకముందు పోతే చీకటి పడ్డాక రావాలి, పెరడు చూసే దిక్కుండదు. ఇటు నా ఒక్కదాని సూదీ దారంతో ఇల్లు ఈడవలేకపోతున్నాను, అదీ నిజమే. ఏ సమాధానం చెప్పలేక నాన్చుతూ ఉన్నాను.

అలాంటి సమయంలో ఆ వంటావిడ వచ్చింది. పెద్ద హోటల్లో వంటగది మొత్తానికి పైఅధికారి, అందరూ మాస్టరమ్మ అంటారట. తెల్లకోటు చేతులు పొట్టి చేయించుకుందామని నా దగ్గరికొచ్చి, బల్ల మీద పళ్ళెంలో ఉన్న ముల్లంగి ముక్క చూసి, కోటు సంగతే మరిచిపోయింది. పెరట్లోకి వెళ్ళింది. ఊదా బీన్స్ పందిరి కింద నిలబడి చాలాసేపు తలెత్తి చూసింది. హోటల్లో పెద్ద విందు వస్తోందట, పళ్ళెమంతా రంగులు ఉండాలట, ముఖ్యంగా ఆ ఊదా. "శుక్రవారం అన్నీ కొంచెం కొంచెం తీసుకురండి. నచ్చితే వారం వారం మొత్తం నేనే తీసుకుంటాను" అంది.

ఆమె వెళ్ళాక మా ఆయన ఈల వేశాడు. నేనేం చేశానో చెప్పమంటారా? నడుం మీద చేతులు పెట్టుకుని షరతు పెట్టాను. "సరే. పంటంతా ఆవిడ తీసుకుంటే పెరడు ఉంటుంది. లేదంటే సోమవారం నుంచి మా తమ్ముడి గేటు దగ్గర కుర్చీ. మధ్యలో నానబెట్టేది లేదు." తమ్ముడికీ ఫోను చేసి అదే చెప్పాను. అంత తెగువ ఎందుకు చూపించానంటే, ఆవిడ తీసుకుంటుందని గట్టి నమ్మకం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

శుక్రవారం పొద్దున లేచిన దగ్గర్నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఒక పంట్లాము అంచు కుట్టాను, వంకర వచ్చింది, విప్పాను, మళ్ళీ కుట్టాను, మళ్ళీ వంకర. ఇస్త్రీపెట్టె వేడెక్కించి దాని సంగతే మరిచిపోయాను. టీకి నీళ్ళు పెట్టి, మా కుళాయి నీళ్ళకి గిన్నె అడుగున సున్నంలా కట్టిన తెల్ల పొరని గోకుతూ కూర్చున్నాను, టీ సంగతి పక్కనపెట్టి. పెరట్లోకి వెళ్ళడం, రావడం. ఈలోగా తమ్ముడు రెండుసార్లు ఫోను చేశాడు.

"ఏమైందక్కా?"

"ఇంకా బయల్దేరనే లేదురా."

"కాదులే, కుర్చీ కొత్తది కొననా, పాతది సరిపోతుందా అని."

"నీ కుర్చీ నెత్తిన పెట్టుకో" అని పెట్టేశాను.

మా ఆయన మాత్రం నింపాదిగా బుట్టలు సర్దుతున్నాడు. మూడు చెక్క బుట్టలు. లేత రంగు నుంచి ముదురు రంగుకి, దుకాణంలో షేడ్‌కార్డు మీద ఉన్నట్టే వరసగా. పసుపు క్యారెట్టు పక్కన నారింజ, దాని పక్కన ఇటుక రంగు టమాటా, ఆ పక్కన ఎర్రకాడల ఆకుకూర. చివర్లో ఊదా బీన్స్, కట్టలు కట్టలుగా. ఎక్కడైనా ఒక కాయ రంగు పక్కదానికి తేడా కొడితే తీసి ఇంకోటి పెట్టేవాడు. ఒక బుట్ట అడుగున ముందే ఊదా క్యాబేజీ పెట్టాడు, పైవి తీస్తే ఆకుల మీది తెల్ల ఈనెలు కనపడేలా.

"త్వరగా కానివ్వండి. వ్యాను ఆయన వెళ్ళిపోతాడు."

"ఈ రెండు ఎరుపులూ కొట్టుకుంటున్నాయి. మధ్యలో ఏదైనా తెల్లది పెట్టాలి."

"ఆవిడ వండుకుని తింటుందండీ, గోడకి పూయదు."

ఆయన నవ్వి తెల్ల వంకాయ ఒకటి మధ్యలో పెట్టాడు. అప్పుడు చూశాను. రెండు ఎరుపులూ నిజంగానే సర్దుకున్నాయి. ఇది పోతే ఈ మనిషి మళ్ళీ గోడవైపు తిరుగుతాడని, ఈసారి తిప్పడం నావల్ల కాదని తెలుస్తూనే ఉంది. ఆ భయాన్ని ఆయన మీదే కోపంగా మార్చి, "కదలండి" అని గదిమాను.

వీధి చివర డ్రైక్లీనింగు కొట్టాయన వ్యానులో వెళ్ళాం. వేలాడే కోట్లూ ప్యాంట్లూ దారి పొడవునా మా మొహాలకి తగులుతూనే ఉన్నాయి. మా ఆయన ఒళ్ళో బీన్స్ బుట్ట, నా కాళ్ళ దగ్గర మిగతా రెండూ. మూల తిరిగినప్పుడల్లా నేను టమాటాల మీద చేతులు అడ్డం పెట్టాను.

హోటల్ వెనకవైపు తలుపులోంచి వంటగదిలోకి తీసుకెళ్ళారు. తెల్ల పలకల గోడలు, స్టీలు బల్లలు, స్టీలు గిన్నెలు, తెల్లకోట్ల మనుషులు. ఒక్క రంగు లేదు. ఆ బల్ల మీద మా ఆయన మూడు బుట్టలూ పెట్టి పైన కప్పిన గుడ్డ తీసేసరికి కత్తుల చప్పుడు ఆగిపోయింది. గిన్నెలు తోముతున్నామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రొట్టెలు కాల్చే ఆయన పిండి చేతులతోనే వచ్చాడు.

మాస్టరమ్మ ముల్లంగి కోసింది. అందరూ "అబ్బా" అన్నారు. బీట్‌రూట్ కోసింది, వలయాలు చూసి ఎవరో ఫోను తీశారు. శంఖాల కాలీఫ్లవర్‌ని రెండు చేతులతో ఎత్తి దీపం కింద తిప్పి తిప్పి చూసింది. మా ఆయన ఒక్కోదాని రంగు పేరు చెబుతున్నాడు, ఉల్లిపొర రంగు, బచ్చలిపండు రంగు, కనకాంబరం. గొంతులో అంత హుషారు నేను విని ఎన్నేళ్ళయిందో. వెనక నిలబడి నేను నా సంచి పట్టీని మెలిపెడుతున్నాను.

"వీటిని మీరింట్లో ఎలా వండుతారు?" అని అడిగింది మాస్టరమ్మ.

మా ఆయన నావైపు చూశాడు. నేను ఆయనవైపు చూశాను.

"అన్ని రకాలుగానూ" అన్నాను.

ఆమె తల ఊపి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో ఉప్పు వేసి, గుప్పెడు ఊదా బీన్స్ వేసింది. అందరం వంగి చూశాం. ముందు ఏమీ కాలేదు. తర్వాత చివర్ల దగ్గర ఏదో మసకేసింది. నీడ పడిందనుకున్నాను. ఆ నీడ కాయంతా పాకింది. ఆమె గరిటెతో పైకి తీసి పళ్ళెంలో వేసేసరికి అవి పచ్చటి బీన్స్. నేను వారం వారం బజార్లో సంచిలో వేసుకొచ్చే బీన్స్.

ఊదా ఎక్కడికి పోయిందో తెలియలేదు. నీళ్ళలోకి దిగిందా అంటే అవీ లేతాకుపచ్చగానే ఉన్నాయి.

మాస్టరమ్మ బీట్‌రూట్ ముక్కలు కూడా వేసింది. వలయాలు కరిగిపోయి, కాసేపటికి అంతా ఒకటే వెలిసిపోయిన గులాబీ అయింది. రొట్టెల ఆయన గొంతు సవరించుకుని వెళ్ళిపోయాడు. గిన్నెలామె కుళాయి తిప్పింది.

అప్పుడు నాకు నా మీద నాకే వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నేను కుట్టేదాన్ని. కొత్త రంగు గుడ్డ ఏది నా చేతికొచ్చినా, మూల కొంచెం కత్తిరించి వేడినీళ్ళలో ముంచి, తెల్లగుడ్డ మీద అద్ది, రంగు దిగదని తేలాకే కత్తెర పెడతాను. ఆయన రంగులు వేసేవాడు. ఏ గోడకైనా ముందు ఓ మూల జానెడు పూసి, ఆరనిచ్చి, పొద్దుటి వెలుగులో ఓసారి, దీపం వెలుగులో ఓసారి చూశాకే మిగతా గోడ మొదలుపెట్టేవాడు. రంగుని పరీక్షించి తిండి సంపాదించుకున్న ఇద్దరం, ఒక్క బీన్స్ కాయని వేడినీళ్ళలో ముంచి చూడలేదు. మామూలు మనుషులైతే మొదటి రోజే వండుకుని తెలుసుకునేవాళ్ళు.

"మీకు తెలీదా?" అంది మాస్టరమ్మ, ఎగతాళిగా కాదు, నిజంగానే.

ఆయన ఒక పచ్చి బీన్స్ కాయ తీసుకుని, తొడిమ పట్టుకుని, మరుగుతున్న నీళ్ళలో సగం దాకా ముంచి ఉంచాడు. ఆవిరికి వేళ్ళు కాలుతున్నా వదల్లేదు. బయటికి తీస్తే కింద సగం పచ్చ, పైన సగం ఊదా, మధ్యలో గోడకి పట్టీ కొట్టినట్టు గీత. అందంగా ఉంది. ఆమెకి చూపించాడు.

ఆమె చూసింది. "బావుంది" అంది. "కానీ సగం పచ్చిది ఎవరు తింటారండీ? కడుపునొప్పి వస్తుంది."

"తినడానికి కాదు, చూడటానికి" అన్నాడు ఆయన.

"నేను నడిపేది వంటగది" అంది ఆమె మెల్లగా. "పచ్చ బీన్స్ నాకు ఎక్కడైనా దొరుకుతాయి. ముల్లంగి, టమాటాలు పచ్చివే వాడొచ్చు, వారానికి ఒక బుట్ట తీసుకుంటాను. మిగతావి వద్దు." ముల్లంగి, టమాటాలు ఒక బుట్టలోకి సర్ది ఉంచుకుని, మిగిలిన రెండింటి మీదా తనే గుడ్డ కప్పింది. మర్యాదస్తురాలు. ఆమె మీద కోప్పడదామన్నా కుదరలేదు.

వ్యానులో ఆయన బుట్ట ఒళ్ళో పెట్టుకోలేదు, కింద పెట్టాడు. మూల తిరిగినప్పుడు చేతులు అడ్డం పెట్టడానికి టమాటాలు లేవు. వేలాడే కోట్ల మధ్య నుంచి ఆయన మొహం సగమే కనిపిస్తోంది.

"వారానికో బుట్ట అంది కదండీ" అన్నాను.

"పంటంతా అన్నావు నువ్వు."

"ఏదో అన్నాను."

"అన్నావు కదా. మీ తమ్ముడికి వస్తానని చెప్పెయ్" అన్నాడు. కోపం లేదు, దెప్పడం లేదు. ఉత్త మాట. అదే నన్ను చంపింది.

ఇంటికి రాగానే చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు. మంచం కిర్రుమంది. నేను గుమ్మంలోంచి చూశాను. గోడవైపు తిరిగాడు. కిటికీ మీద బీన్స్ తీగ అలాగే ఉంది, కాయలతో. ఆయన వీపు దానివైపు ఉంది.

ముందుగదిలోకి వెళ్ళి పంట్లాము చేతిలోకి తీసుకున్నాను, కింద పెట్టాను. వాకిట్లోకి వెళ్ళాను, వచ్చాను. ఫోను మోగింది. తమ్ముడే. తీయలేదు. కాసేపటికి నా కాళ్ళు వాటంతటవే వంటింట్లోకి నడిచాయి. చేతుల్లో రెండు బుట్టలూ ఉన్నాయి. ఎందుకు తెచ్చానో కూడా తెలీదు. చూడటానికే అయితే చూశాం, ఇక తిని పారేద్దాం, పీడ వదులుతుంది అనుకున్నట్టున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

అడుగునున్న ఊదా క్యాబేజీ తీసి, అదేదో నాకు అపకారం చేసినట్టు, నడిమికి ఒక్క వేటు వేశాను. రెండు చెక్కలూ విడిపోయి పక్కకి పడ్డాయి.

లోపల తెలుపూ ఊదా దారాలు ముడతలు ముడతలుగా, మెలికలు మెలికలుగా, ఒకదాన్నొకటి ఎక్కడా దాటకుండా. అంత సన్నటి కుట్టు నా జన్మలో కుట్టలేను. కత్తి పట్టుకునే ఏడ్చాను. ఎవరూ చూడ్డం లేదు కాబట్టి బాగానే ఏడ్చాను. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని దాన్ని తరిగి, గిన్నెలో కుళాయి నీళ్ళు పట్టి, పొయ్యి మీద పెట్టాను. ఇది కూడా పచ్చబడి చస్తుందని చూస్తూ నిలబడ్డాను.

పచ్చబడలేదు. నీళ్ళు ముందు ఊదాగా అయ్యాయి. ఉడికేకొద్దీ ఆ ఊదాలోంచి ఎరుపు జారిపోతున్నట్టయింది. ఆకులన్నీ నీలం. నీళ్ళూ నీలమే. తినే వస్తువులో అలాంటి నీలం నేనెప్పుడూ చూడలేదు. మా దిక్కుమాలిన కుళాయి నీళ్ళ మహిమో ఏమో. గరిటె ఎత్తితే దాని అంచు నుంచి నీలం బొట్లు పడుతున్నాయి.

"ఏవండీ" అని అరిచాను. "క్యాబేజీ నీలంగా అయింది."

లోపలి నుంచి ఏమీ లేదు.

"నిజమండీ. నీలంగా అయింది."

మంచం కూడా కిర్రుమనలేదు. అప్పట్లో నీలం దారమని అరిచిన రోజులన్నీ గుర్తొచ్చాయి. అప్పుడూ ఇంతే. అంతలో కిటికీ దగ్గర తెర జరిపిన ఉదయం కూడా గుర్తొచ్చింది. అప్పుడు నేను నిజం చెప్పలేదు, తప్పు చెప్పాను.

గొంతు సవరించుకున్నాను.

"ఛీ, ఏం నీలం. బూడిద రంగు" అన్నాను, ఆయనకి వినపడేంత గట్టిగా, విసుగ్గా. "మా తమ్ముడి సిమెంటులా ఉంది."

గిన్నె కుతకుతలాడుతోంది. ఫోను మళ్ళీ మోగింది.

"కాదులే, ఇంకా దారుణంగా ఉంది. కాకి రంగు" అన్నాను. "మొత్తానికి ఏదో మురికి రంగు. పారబోస్తున్నాను. తూములో పోసేస్తున్నా."

గరిటెతో గిన్నె అంచు మీద గట్టిగా కొట్టాను. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"ఇందాక నీలం అన్నావు" అన్నాడు లోపల్నుంచి.

చప్పుడు కాకుండా మంట తగ్గించాను. మాట్లాడితే చెడుతుందని భయం.

"ఏ నీలం?"

పొయ్యి గట్టు పట్టుకున్నాను. "నాకేం తెలుసు" అన్నాను, వీలైనంత కటువుగా. "నీలమంటే నీలం. కావాలంటే వచ్చి చూసుకోండి."

మంచం కిర్రుమంది. మంచి కాలు, వంకర కాలు, మంచి కాలు, వంకర కాలు. ఆ అడుగులు గది దాటి, నా మిషను పక్క నుంచి వచ్చి, వంటింటి గుమ్మంలో ఆగాయి. ఆయన నా భుజం మీంచి వంగి గిన్నెలోకి చూశాడు. ఆవిరి ఆయన మొహాన కొట్టింది. చాలాసేపు చూశాడు.

"సిమెంటట, సిమెంటు" అన్నాడు. "కళ్ళున్నాయా నీకు? ఇది నెమలికంఠం." గరిటె నా చేతిలోంచి లాక్కుని, కొంచెం నీళ్ళు తెల్ల గిన్నెలోకి వంచి వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇందులో ఏం కలిపావు?"

"ఏమీ కలపలేదు. కుళాయి నీళ్ళే."

"ఏమీ కలపకుండానే ఇలా మారితే, కలిపితే ఏమవుతుంది?" అన్నాడు. నన్ను కాదు, గిన్నెనే అడుగుతున్నాడు. "ఇంట్లో పుల్లటిది ఏముంది? నిమ్మకాయ ఉందా?"

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి తీశాను.

"ఏమైందక్కా? హోటలు వాళ్ళు తీసుకున్నారా?" అన్నాడు తమ్ముడు.

"వారానికి ఒక్క బుట్ట."

"అంటే లేనట్టేగా. సోమవారం బావని..."

"ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో" అన్నాను.

"అదేంటక్కా, నువ్వేగా మధ్యలో నానబెట్టేది లేదన్నావు?"

"అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను. నేను ఇంకో నాలుగు ప్యాంట్లు ఎక్కువ కుట్టుకుంటాను, నీకేం?"

"మరి బావేం చేస్తాడు?"

బావ గిన్నె మీద వంగి ఉన్నాడు. నీలం అంటిన వేలిని ఎదురుగా ఉన్న తెల్లగోడ మీద ఓ మూల అద్ది, అది ఆరేదాకా చూడటానికి నిలబడ్డాడు.

"మీ బావకి పనుంది" అన్నాను.

తమ్ముడు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఫోను పెట్టేసి నిమ్మకాయ కోశాను.